నాట్ల పని – కూలివారి ఉత్సాహము

నారు ఎదిగినది, దమ్ము పూర్తియైనది, కాలువకు నీరు వచ్చినది. ఇక కావలసినది కూలివారు. నాట్ల దినములలో ఏ గ్రామమునకు పోయినను మాకు వినబడు మొర యొక్కటే: "కూలివారు దొరకుట లేదు, దొరకినవారు మనసు పెట్టి చేయుట లేదు." మొదటిది పూర్తిగా రైతు చేతిలోనిది కాదు. రెండవ దానిని గూర్చి మాత్రము కొంత చెప్పదలచితిమి.

నాటు పని యెట్టిదో ముందు చూతము. కుదురునకు రెండు మూడు మొక్కలే పెట్టవలెననియు, రెండు మూడు సెంటీమీటర్ల లోతు మించరాదనియు, నారు కొనలు త్రుంచి నాటవలెననియు, రెండేసి మీటర్లకు ఒక కాలిబాట విడువవలెననియు మేము ఏటేట చెప్పుచునే యున్నాము. లోతుగా పాతిన మొక్క పిలకలు తక్కువ వేయును. కొనలు త్రుంచినచో వానిపై నున్న కాండము తొలుచు పురుగు గ్రుడ్లు పోవును. బాటలు లేని చేలో గాలి వెలుతురు ఆడక సుడిదోమకు అనువగును. ఇవి యన్నియు ఎవరి చేతిలో నున్నవి? గట్టుపై గొడుగు పట్టుకొని నిలిచిన ఆసామి చేతిలో కాదు. నడుము వంచి బురదలో వెనుకకు నడుచు స్త్రీల వ్రేళ్లలో నున్నవి. మొక్క ఎంత లోతు దిగినదో గట్టుమీదనుండి ఏ కంటికిని కానరాదు. పిలకలు లెక్కించునాటికి కూలి ఇచ్చివేసి యుందుము. కనుక మంచి నాటు అరపులతో రాదు.

"కూలి యిచ్చుచున్నాము గదా, ఇంకేమి కావలెను?" అని కొందరు రైతులు మమ్ము అడిగిరి. ఇట్టి ప్రశ్ననే అమెరికాలో కర్మాగారముల వారును వేసికొనిరి. చికాగో నగరము చెంత హాథోర్న్ అనుచోట టెలిఫోను సామగ్రి చేయు కర్మాగారమున 1924 మొదలు 1932 వరకు పరీక్షలు జరిగెను. దీపముల వెలుతురు హెచ్చించినప్పుడు పని హెచ్చెను. తగ్గించినప్పుడును చాలవరకు తగ్గలేదు. పిమ్మట ఐదుగురు స్త్రీలను వేరొక గదిలో నుంచి, విశ్రాంతి వేళలను గూర్చి వారి అభిప్రాయము లడుగుచు మార్పులు చేసిరి. పని మరల హెచ్చెను. తమ్ము ఒకరు గుర్తించి, మాట అడిగినందువలననే ఇట్లు జరిగెనని పలువురు వ్రాసిరి. ఐతే ఆ స్త్రీలకు కూలి లెక్కకట్టు పద్ధతియు మార్చియుండిరి. కావున హెచ్చుదల యంతయు ఆదరమువలననే యనరాదని తరువాతి పండితులు ఆక్షేపించిరి. ఈ ఆక్షేపణ మాకు మిక్కిలి నచ్చినది. పొగడ్త కూలికి బదులు కాదు.

కనుక ముందు కూలి సంగతి. గుత్తకు ఇచ్చినప్పుడు మడి కొలత మేస్త్రి యెదుటనే సరిచూడుడు. పది సెంట్లు మాటువేసి దక్కించుకొనిన రైతు ఆ ముఠాను మరల చూడడు. పని ముగిసిన సాయంకాలమే లెక్క తీర్చుడు. ఒకే పనికి ఆడువారికి తక్కువ కూలి ఈయరాదని 1976లోనే చట్టము చేసిరి; అయినను ఈ వ్యత్యాసము అనేక గ్రామములలో మేము చూచితిమి.

పిమ్మట మాట. తల్లి వయసు గల స్త్రీని ఇరువదేండ్ల కుఱ్ఱవాడు "ఒసే" యని పిలుచుట మా చెవికి ముల్లువలె నుండును. "అత్తా", "అక్కా" యని పిలుచుటకు నాలుక అరుగదు గదా! మెచ్చుకొనునప్పుడు ఊరక "బాగున్నది" యన్న చాలదు. "అక్కా, నిన్న మీరు పైపైన నాటిన మడి ఇప్పుడే నిలద్రొక్కుకొనుచున్నది" అన్నచో, చేసిన పనిని చూచువాడొకడు కలడని ఆమెకు తెలియును. తప్పు కనబడినప్పుడు పదిమందిలో కేకలు వేయక, మేస్త్రిని గట్టుకు పిలిచి చెప్పుడు. కారణమును చూపుడు: నారు కొనమీది గోధుమవన్నె నూగుతో కప్పిన గ్రుడ్ల ముద్దను ఒక్కసారి చేతిలో పెట్టి చూపినచో, కొనలు త్రుంచుమని నూరుసార్లు చెప్పవలసిన పని యుండదు. ఏ మడి దిగుడో, ఎచట నీరు నిలుచునో రైతు కంటె వారికే తెలిసిన సందర్భములు కలవు, అడుగుడు.

పక్కపక్క పొలముల రైతులిద్దరు ఒకే కూలి యిచ్చుట మేము చూచితిమి. ఒకని చేను అనుకొన్న దినముననే నాటబడెను. రెండవవాడు ముఠా కొరకు ఇల్లిల్లు తిరుగుచుండగా నారు నెలదాటి ముదిరెను, పిలకలు తగ్గెను. ఆతని కూలి లెక్కలో లోపము లేదు, నోటిలో కలదు.

మన సంఘములకును ఇది చెల్లును. పంట ఋణముల కాలమున గుమాస్తా రాత్రి పొద్దుపోవువరకు పద్దులు వ్రాయును. మహాసభలో మాత్రము ఆతని పొరపాటు ఒక్కటే చదువబడును. బస్తాలు సరిగా తూచు కాటా మనిషి పేరు తీర్మానముల పుస్తకమునకు ఎక్కినట్లు మేము ఎన్నడును చూడలేదు. పాలకవర్గమువారు ఆలోచింపవలెను.

నాటిన మూడు వారములకు పిలకలు బాగుగా కనబడును. ఆ దినము మేస్త్రిని, వీలైనచో ముఠావారి నందరిని పిలిచి చేను చూపుడు. లోతుగా పడిన మూలయు, పైపైన నాటిన మడియు పక్కపక్కనే కనబడును, ఎవరును చెప్పనక్కరలేదు. వచ్చే నాట్లకు తేదీయు కూలియు ఆ గట్టుమీదనే మాటాడుకొనవచ్చును.