కొలెస్టరాల్: రిపోర్టులోని అంకెలకు అర్థం ఏమిటి?



లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు చేతికి రాగానే చాలామంది "నార్మల్" అని ఉందా లేదా అనే చూస్తారు. ఉంటే నిశ్చింత, లేకపోతే కంగారు. నిజానికి ఒకే అంకె ఒకరికి ఫరవాలేదు, మరొకరికి ప్రమాదం. ఎందుకో ఈ సంచికలో తెలుసుకుందాం.

కొలెస్టరాల్ అంటే ఏమిటి?

ఇది మైనం లాంటి కొవ్వు పదార్థం. ఇది మనకు శత్రువు కాదు. ప్రతి కణం చుట్టూ ఉండే పొరకు, కొన్ని హార్మోన్లకు, విటమిన్ డి తయారీకి, కొవ్వును అరిగించే పైత్యరసానికి ఇది అవసరం. ఇందులో ఎక్కువ భాగాన్ని మన శరీరమే తయారు చేసుకుంటుంది, ముఖ్యంగా కాలేయం. భోజనం నుంచి వచ్చేది తక్కువ. అందుకే మాంసం, గుడ్డు ముట్టనివారికీ, సన్నగా ఉన్నవారికీ కూడా కొలెస్టరాల్ ఎక్కువగా ఉండవచ్చు.

మంచిది, చెడ్డది అంటారెందుకు?

నూనె నీటిలో కలవనట్టే కొలెస్టరాల్ రక్తంలో కలవదు. మాంసకృత్తులతో కూడిన చిన్న చిన్న రేణువుల్లో ప్రయాణం చేస్తుంది. వీటిలో ఎల్.డి.ఎల్. రేణువులు ఎక్కువైతే రక్తనాళాల గోడల్లోకి చేరి, ఏళ్ల తరబడి పూడికలా పేరుకుంటాయి. ఆ పూడిక పగిలితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెలో జరిగితే గుండెపోటు, మెదడులో జరిగితే పక్షవాతం. హెచ్.డి.ఎల్. రేణువులు మిగులు కొలెస్టరాల్‌ను తిరిగి కాలేయానికి చేరుస్తాయి. ట్రైగ్లిజరైడ్స్ అనేవి శరీరం దాచుకునే మరో రకం కొవ్వు. అన్నం, తీపి పదార్థాలు అతిగా తినడం, మద్యం, అదుపులో లేని షుగరు వల్ల ఇవి పెరుగుతాయి. మన దేశస్థుల్లో ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా, హెచ్.డి.ఎల్. తక్కువగా ఉండటం తరచుగా చూస్తుంటాం.

ఇదంతా నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా జరుగుతుంది. "నాకు ఏ బాధా లేదు కదా" అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఎవరికి ఎంత ఉండాలి?

మన దేశపు గుండె వైద్యుల సంఘం, కార్డియాలజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా, 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ఎల్.డి.ఎల్. (100 మి.లీ. రక్తంలో) ఇలా ఉండాలి:

• ఏ జబ్బూ లేనివారికి 100 మిల్లీగ్రాముల లోపు
• షుగరు, బి.పి. వంటివి ఉండి ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు
• గుండెపోటు వచ్చినవారి వంటి అతి ఎక్కువ ముప్పు ఉన్నవారికి 55 లోపు

ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండటం మంచిది. కనుక ఎల్.డి.ఎల్. 95 ఉన్న ఆరోగ్యవంతుడు నిశ్చింతగా ఉండవచ్చు. అదే 95 గుండెపోటు వచ్చిన వ్యక్తికి చాలా ఎక్కువ.

18 ఏళ్లకే ఒకసారి ఈ పరీక్ష చేయించుకోవాలని అదే సంఘం సూచించింది. ఇంట్లో తండ్రికి గాని అన్నదమ్ములకు గాని 55 ఏళ్ల లోపు, తల్లికి గాని అక్కచెల్లెళ్లకు గాని 65 ఏళ్ల లోపు గుండెపోటు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మామూలు పరీక్షకు పరగడుపున రావలసిన అవసరం లేదు. ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువ వస్తే మాత్రం పరగడుపున మళ్లీ చేస్తారు.

వంటింట్లో ఏం చేయాలి?

నూనె ప్యాకెట్ మీద "కొలెస్టరాల్ లేదు" అని రాసి ఉంటే మోసపోకండి. వేరుశనగ నూనె అయినా, పామాయిల్ అయినా, మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ లెక్కకు వచ్చేంత కొలెస్టరాల్ ఉండదు. అయితే పామాయిల్, కొబ్బరినూనె, నెయ్యి, డాల్డాలలో ఉండే సంతృప్త కొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచుతుంది. మనిషికి నెలకు అర లీటరు నూనె చాలునని మేము చెబుతుంటాం. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. గారెలు కాల్చిన నూనె మళ్లీ మళ్లీ కాచవద్దు. పప్పులు, ఆకుకూరలు, జొన్న, రాగి పెంచండి. కొవ్వు తీసిన మాంసం, చేపలు పులుసుగా తినండి. సంఘ విందుల్లో బిరియానీ పక్కన ఒక కూరగాయ, పండ్లు కూడా ఉండేలా పెద్దలు చూస్తే అందరికీ మేలు. రోజూ అరగంట వేగంగా నడవండి. పొగాకు పూర్తిగా మానండి.

మాత్రలు ఎందుకు? ఎంతకాలం?

స్టాటిన్ మాత్రలు కాలేయంలో కొలెస్టరాల్ తయారీని తగ్గిస్తాయి. అప్పుడు కాలేయం రక్తంలోని ఎల్.డి.ఎల్.ను ఎక్కువగా లాక్కుంటుంది. స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగులపై జరిగి 1994లో వెలువడిన పరిశోధనలో, ఈ మందు వాడినవారిలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. కొద్దిమందికి కండరాల నొప్పులు రావచ్చు. వస్తే మీ అంతట మీరు మానకుండా మాకు చెప్పండి, మోతాదుగాని మందుగాని మార్చవచ్చు. గర్భం కోరుకునే స్త్రీలు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

మేము ఎక్కువగా చూసే ప్రమాదం వేరే ఉంది. "రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇక ఎందుకు?" అని మాత్ర ఆపేయడం. ఆ నార్మల్ మాత్ర వల్ల వచ్చినదే. ఆపిన కొన్ని వారాల్లోనే అంకె మళ్లీ పాత చోటికి చేరుతుంది. స్టెంట్ వేయించుకున్నవారికి ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం.

శ్రమకాల దినాల్లో, ఉపవాస ప్రార్థనల్లో మందులు పక్కన పెట్టేవారు కూడా ఉన్నారు. ఉపవాసం ఉన్న రోజు కూడా స్టాటిన్ మాత్రను నీళ్లతో వేసుకోవచ్చు. షుగరు మందులు వాడేవారు మాత్రం ఉపవాసానికి ముందు డాక్టరును కలవండి. స్వస్థత కోసం ప్రార్థించడానికీ మాత్ర వేసుకోవడానికీ మధ్య విరోధం లేదు. ఈ ఆసుపత్రిలో మేము ప్రతి ఉదయం ప్రార్థన చేసే మందులు ఇవ్వడం మొదలుపెడతాం.

ఈసారి వచ్చేటప్పుడు పాత రిపోర్టులు కూడా వెంట తెచ్చుకోండి. "నా ఎల్.డి.ఎల్. ఎంత ఉండాలి? ఇప్పుడు ఎంత ఉంది?" అని అడగండి. ఆ రెండు అంకెలు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యంతో కాపాడును గాక.