రేకు మీది నంబరు

వానాకాలం ముందు సంచికకు తుప్పు మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు తిరిగి గురువారం రాత్రికల్లా కాపీ ఇచ్చేయాలి. థర్మల్ కేంద్రం, బొగ్గు గనులు, రైల్వే... సరుకు పెద్దదే అనుకుంటూ బయల్దేరాను. తీరా అసలు సంగతి జనగామలో ఒక దుకాణం ముందు, గోడకు ఆనించిన జీఐ (జింకు పూత) రేకు మీద అచ్చేసిన ఒక్క వరుసలో దొరికింది.

ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 277, రేకు మందం, ఆ పక్కన 120.

"మెరుపు సూడుండ్రి సార్, అద్దం లెక్కుంది" అన్నాడు దుకాణదారు. 120 అంటే ఏమిటని అడిగితే, "అదేదో కంపెనీ నంబరు" అని తేల్చేశాడు. రేకు ఆయుష్షంతా ఆ నంబరులోనే ఉంది. చదరపు మీటరు రేకు మీద ఉండాల్సిన జింకు 120 గ్రాములు. అదీ రెండు వైపులా కలిపి! ఒక్కో వైపుకు వచ్చేది 60 గ్రాములే. లెక్క కడితే పూత మందం సుమారు 8 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఎనిమిది. అదే ఐఎస్ 277 ప్రమాణంలో 275 రకమూ ఉంది. దానికి ఒక్కో వైపుకు 19 మైక్రాన్లు. ఒకేచోట వానకూ గాలికీ జింకు ఏటా ఇంచుమించు ఒకే మోతాదులో తరిగిపోతుంది. కాబట్టి పూత రెట్టింపైతే మన్నికా దాదాపు రెట్టింపే. కొత్తలో మాత్రం రెండు రేకులూ ఒకేలా తళతళలాడతాయి. అందుకే నాకు మెరుపంటే అనుమానం.

ఆ అనుమానంతోనే మహబూబాబాద్ స్టేషన్‌లో పట్టాల పక్కన కరెంటు తీగలు మోసే ఉక్కు స్తంభాలను చూశాను. కళాకాంతీ లేని బూడిదరంగు. 5 మిల్లీమీటర్లు, అంతకు మించి మందమున్న ఉక్కు సామానుకు ఐఎస్ 4759 అడిగేది చదరపు మీటరుకు 610 గ్రాములు. ఇది ఒక వైపు లెక్క. అంటే 85 మైక్రాన్లు, మన 120 రేకుకు పది రెట్లు!

ఇలాంటి సామానును ముందే కోసి, బెజ్జాలు వేసి, ఆ తర్వాత 450 డిగ్రీల దగ్గర కాగే జింకు తొట్టిలో ముంచుతారు. జింకు ఉక్కుకు ఊరికే అంటుకోదు, దానితో కలిసి మిశ్రమ పొరలు కడుతుంది. వికర్స్ కొలతలో మామూలు ఉక్కు గట్టిదనం 159 అనుకుంటే, దాన్ని ఆనుకున్న పొరది సుమారు 250, ఆపైది 244, దాని మీదిది 179. అన్నిటికన్నా పైనున్న అసలు జింకుది 70 మాత్రమే. ఇనుపరాడ్డు తగిలితే మెత్తని పై పొర సొట్టపోయి దెబ్బను మింగుతుంది. గీత ఇంకాస్త లోతుకు దిగితే ఉక్కుకన్నా గట్టి పొర అడ్డం పడుతుంది. మెత్తదనం పైన, గట్టిదనం కింద. ఈ అమరికను చూసి ముచ్చటపడ్డాను. ఉక్కులో సిలికాన్ పాలు ఎక్కువైతే మిశ్రమ పొరలు పైదాకా పెరిగి మెరుపు పోతుంది. ఆ మాసిన రంగు చూసి నాసిరకమని తిప్పిపంపేవాళ్లున్నారు. పూత మరీ మందమైతే పెచ్చులూడే మాట నిజమే గానీ, రంగును బట్టి తీర్పు చెప్పడం తప్పు.

రేకుకు ఈ గట్టి పొరల కవచం ఉండదు. తొట్టిలో కాస్త అల్యూమినియం కలిపి మిశ్రమ పొరలు పెరగకుండా ఆపుతారు. లేకపోతే ముడతలు వేసేటప్పుడు పూత పగులుతుంది. వంగే గుణం కోసం గీతలు తట్టుకునే గుణాన్ని వదులుకున్నారన్నమాట. అందుకే డీసీఎం వ్యానులోంచి రేకులను ఒకదానిమీద ఒకటి ఈడ్చి దించుతుంటే నాకు మనసొప్పలేదు. గీత పడ్డా వెంటనే తుప్పు రాదు. పక్కనున్న జింకు తాను ముందు కరిగి ఉక్కును కాపాడుతుంది. కానీ ఎనిమిది మైక్రాన్లు ఎంతకాలం కరుగుతాయి?

చరిత్ర క్లుప్తంగా: కరిగిన జింకులో ఇనుమును ముంచే పద్ధతిని ఫ్రాన్స్‌లో 1742లో మలూయిన్ వివరించాడు, 1837లో సోరెల్ పేటెంటు తీసుకున్నాడు. జనగామ పక్కనే పెంబర్తిలో సుత్తిదెబ్బలకు రూపుదిద్దుకునే ఇత్తడిలోనూ రాగితో కలిసేది ఈ జింకే.  

భూపాలపల్లి: రాడ్డు మీది క్రోమ్

సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు తోడే యంత్రాల హైడ్రాలిక్ సిలిండర్ రాడ్లకు మెరుపుంటుంది. అది హార్డ్ క్రోమ్, గట్టిదనం 800 నుంచి 1000 వికర్స్. అయితే కింది ఉక్కు మెత్తనైతే ఆ గట్టిదనం అక్కరకు రాదు. ఎండిన చెరువులో పైన పెచ్చుకట్టిన బురద మీద కాలేసినట్టే, పూత పగిలి లోపలికి దిగుతుంది. పైగా క్రోమ్‌లో కంటికి కనిపించని పగుళ్లుంటాయి. అవి ఉక్కుదాకా పోతే తేమ దిగి తుప్పు పట్టి, పూత లేచి, ఆ అంచు ఆయిల్‌సీలును కోసేస్తుంది. క్రోమ్ తొట్టిలోని హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ హార్డ్ క్రోమ్‌కు బదులుగా నికెల్-టంగ్‌స్టన్ పూతల మీద పనిచేసింది.

కొనేముందు

జింకు గ్రాములెన్నో బిల్లు మీద రాయించండి. తడిసిన రేకులను దొంతర పెట్టొద్దు, గాలాడక తెల్లతుప్పు పడుతుంది. కట్టర్‌తో కోశాక రేకు మీద పడ్డ ఇనుపరజను అప్పుడే ఊడ్చేయండి. మొదట తుప్పుమచ్చలు లేచేది దాని దగ్గరే.