రెండు పసుపు కార్డులతో ఇంటిదారి పట్టిన జట్టు

పాయింట్లు సమానం. కొట్టిన గోల్సు సమానం. ఇచ్చుకున్న గోల్సు సమానం. పోనీ, ఆ రెండు జట్లూ ముఖాముఖి తలపడినప్పుడు ఎవరు గెలిచారో చూద్దామా అంటే, అదీ సమానమే. మరి ముందుకు వెళ్ళేదెవరు? ఇంటికి వెళ్ళేదెవరు?

2018లో రష్యాలో జరిగిన ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీల్లో జపాన్, సెనెగల్ జట్ల మధ్య సరిగ్గా ఈ చిక్కే వచ్చి పడింది. దాన్ని తేల్చింది రిఫరీ జేబులో ఉండే అరచేయంత పసుపుపచ్చ అట్టముక్క. మూడు ఆటల్లో కలిపి జపాన్ ఆటగాళ్ళకు 4 పసుపు కార్డులు వచ్చాయి. సెనెగల్ వారికి 6 వచ్చాయి. ఆ రెండు కార్డుల తేడాతో పశ్చిమ ఆఫ్రికా జట్టు సెనెగల్ ఇంటిదారి పట్టింది. కార్డుల లెక్క మీద ఒక జట్టు వైదొలగడం ప్రపంచ కప్పు చరిత్రలో అదే మొదటిసారి.

మన ఊళ్ళలో పండగ పోటీల్లో కబడ్డీ కూతగాడు అవుటయ్యాడా లేదా అని తగువు వస్తే, పెద్దమనుషులు మధ్యలోకి దిగి సర్దిచెబుతారు. అందరిదీ ఒకే భాష గనుక ఎవరో ఒకరి మాట చెల్లుతుంది. దేశానికో భాష మాట్లాడే ఆటగాళ్ళు, వారిలో ఎవరి భాషా రాని రిఫరీ ఒకచోట చేరితే ఏమవుతుంది? ఈ కార్డులు పుట్టింది ఆ చిక్కులోంచే.

మాట తెలియని తగువు

1962 జూన్ 2న చిలీ రాజధాని శాంటియాగోలో చిలీ, ఇటలీ జట్లు తలపడ్డాయి. అది ఆట అనడం కంటే కొట్లాట అనడమే సబబు. కాళ్ళతో తన్నుకున్నారు, పిడికిళ్ళతో గుద్దుకున్నారు. ఎనిమిదో నిమిషంలోనే ఇటలీ ఆటగాడు ఫెర్రీనిని రిఫరీ బయటికి పొమ్మన్నాడు. అతను కదలనన్నాడు. చివరికి పోలీసులు మైదానంలోకి వచ్చి లాక్కుపోవలసి వచ్చింది. ఆ తరువాత ఇంకో ఇటలీ ఆటగాడు డేవిడ్ కూడా బయటికి పోయాడు. చిలీ 2-0తో గెలిచింది. ఆ ఆటకు రిఫరీగా ఉన్న ఇంగ్లీషు మాస్టారి పేరు కెన్ ఆస్టన్. వృత్తి బడిపంతులు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో కూడా పనిచేశారు.

నాలుగేళ్ళు గడిచాయి. 1966లో ప్రపంచ కప్పు ఇంగ్లండులో జరిగినప్పుడు రిఫరీల బాధ్యత చూసింది ఈ ఆస్టన్ గారే. జూలై 23న లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండు, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్ ఆడాయి. జర్మన్ రిఫరీ క్రైట్‌లైన్, అర్జెంటీనా కెప్టెన్ రటీన్‌ను బయటికి వెళ్ళమన్నాడు. రిఫరీకి స్పానిష్ రాదు. కెప్టెన్‌కు జర్మన్ రాదు. తనను ఎందుకు పొమ్మంటున్నారో చెప్పడానికి దుభాషీ కావాలని రటీన్ పట్టుబట్టాడు. కొన్ని నిమిషాలపాటు ఆట నిలిచిపోయింది.

అదే ఆటలో ఇంగ్లండు ఆటగాళ్ళు, అన్నదమ్ములైన జాక్ చార్ల్టన్, బాబీ చార్ల్టన్‌ల పేర్లు కూడా రిఫరీ తన పుస్తకంలో రాసుకున్నాడు. హెచ్చరిక తగిలిన సంగతి ఆ అన్నదమ్ములకే స్పష్టంగా తెలియలేదు. పత్రికల్లో వార్త వచ్చాక, ఇది నిజమేనా అని ఇంగ్లండు జట్టు అధికారులను అడగవలసి వచ్చింది. శిక్ష పడినవాడికే శిక్ష పడిన సంగతి తెలియకపోతే, ఆ శిక్ష వల్ల ప్రయోజనమేమిటి?

దారిలో దొరికిన ఉపాయం

ఈ సంగతే ఆలోచించుకుంటూ ఆస్టన్ కారులో ఇంటికి పోతున్నారు. లండన్‌లోని కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో ట్రాఫిక్ దీపం దగ్గర కారు ఆగింది. పసుపు వెలిగింది, తరువాత ఎరుపు వెలిగింది. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. ఏ దేశం వాడికైనా ఇది చెప్పకుండానే అర్థమవుతుంది గదా అని ఆయనకు తట్టింది. అంతే, కార్డుల ఉపాయం పుట్టింది.

1970లో మెక్సికోలో జరిగిన ప్రపంచ కప్పులో మొదటిసారి కార్డులు జేబులోంచి బయటికి వచ్చాయి. మే 31న మెక్సికో, సోవియట్ యూనియన్ ఆడిన ప్రారంభపు ఆటలోనే పసుపు కార్డు కనిపించింది. విశేషమేమంటే, ఆ పోటీలు మొత్తం మీద ఒక్క ఎర్ర కార్డు కూడా చూపవలసిన అవసరం రాలేదు. ప్రపంచ కప్పులో మొట్టమొదటి ఎర్ర కార్డు 1974 జూన్ 14న పశ్చిమ బెర్లిన్‌లో చిలీ ఆటగాడు కార్లోస్ కాస్జెలీకి దక్కింది. చూపినది టర్కీ దేశపు రిఫరీ బాబాజాన్.

ఏ తప్పుకు ఏ రంగు?

ఎదుటివాడి కాళ్ళకు అడ్డంపడి పడగొట్టడం, చొక్కా పట్టుకుని లాగడం, రిఫరీతో వాదనకు దిగడం, కావాలని కాలయాపన చేయడం వంటివాటికి పసుపు కార్డు. గోలు కొట్టిన సంబరంలో చొక్కా విప్పినా పసుపు కార్డే. ఒకే ఆటలో రెండోసారి పసుపు చూపితే అది ఎరుపుతో సమానం. కొట్టడం, ఉమ్మివేయడం, ప్రమాదకరంగా తన్నడం వంటివాటికి నేరుగా ఎర్ర కార్డే.

ఎర్ర కార్డు చూసినవాడు మైదానం విడిచిపోవాలి. అతని స్థానంలో మరొకరిని దింపడానికి లేదు. 11 మంది ఆడవలసిన చోట 10 మందే ఆడాలి. తరువాతి ఆటలో కూడా అతనికి చోటు ఉండదు. అంటే ఒక్కడి కోపానికి జట్టంతా మూల్యం చెల్లిస్తుంది.

పసుపు కార్డుకు కూడా జ్ఞాపకశక్తి ఉంది. వేరు వేరు ఆటల్లో రెండు పసుపు కార్డులు పోగుపడితే తరువాతి ఆటకు దూరం. 2002లో జర్మనీ ఆటగాడు మైకేల్ బల్లాక్‌కు ఎదురైన సంగతి ఇందుకు ఉదాహరణ. దక్షిణ కొరియాతో సెమీ ఫైనల్లో, గోలు పడే ప్రమాదాన్ని తప్పించడానికి అతను ఎదుటివాడిని పడగొట్టాడు. పసుపు కార్డు వచ్చింది. దాంతో ఫైనల్లో ఆడే అవకాశం పోయింది. ఆ సంగతి తెలిసి కూడా కొద్ది నిమిషాలకే గెలుపు గోలు కొట్టింది అతనే. జర్మనీ ఫైనల్ చేరింది. బల్లాక్ లేకుండా ఆడి బ్రెజిల్ చేతిలో 0-2తో ఓడింది. ఇలాంటి కడుపుకోత ఆటగాళ్ళకు తప్పించడానికి 2010 పోటీల నుంచి క్వార్టర్ ఫైనల్స్ ముగియగానే ఒంటరి పసుపు కార్డులను కొట్టివేసే పద్ధతి పెట్టారు.

కార్డులున్నా కోపం తగ్గలేదు

కార్డులు వచ్చాక కొట్లాటలు ఆగిపోయాయా అంటే, అదీ లేదు. 2006 జూన్ 25న జర్మనీలోని నూరెంబర్గ్‌లో పోర్చుగల్, నెదర్లాండ్స్ ఆడిన ఆటలో రష్యన్ రిఫరీ ఇవనోవ్ 16 సార్లు పసుపు, 4 సార్లు ఎరుపు చూపాడు. ఆట ముగిసేసరికి రెండు వైపులా తొమ్మిదేసి మందే మిగిలారు. పోర్చుగల్ 1-0తో గెలిచింది గానీ, బయటికి పోయిన ఇద్దరు ముఖ్యులు లేకుండానే తరువాతి ఆట ఆడుకుంది.

రిఫరీ కూడా మనిషే. దానికి మూడు రోజుల ముందు స్టుట్‌గార్ట్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా ఆటలో ఇంగ్లీషు రిఫరీ గ్రాహం పోల్ ఒకే ఆటగాడికి మూడు పసుపు కార్డులు చూపాడు! రెండోదానికే క్రొయేషియా ఆటగాడు షిమునిచ్‌ను పంపించివేయాలి. పుస్తకంలో ఆ కార్డును పొరపాటున ఆస్ట్రేలియా 3వ నెంబరు ఆటగాడి పేరు కింద రాసుకోవడం వల్ల లెక్క తప్పింది. షిమునిచ్ నెంబరు కూడా 3 కావడమే తికమకకు కారణం. ఆ పొరపాటు తరువాత పోల్ అంతర్జాతీయ పోటీల నుంచి తప్పుకున్నారు.

వోల్గా ఒడ్డున చివరి పది నిమిషాలు

ఇక మళ్ళీ 2018కి వద్దాం. జూన్ 28న రెండు ఆటలు ఒకే సమయానికి మొదలయ్యాయి. వోల్గోగ్రాడ్‌లో జపాన్, పోలండ్. సమారాలో సెనెగల్, కొలంబియా. రెండూ వోల్గా నది ఒడ్డున ఉన్న పట్టణాలే. 59వ నిమిషంలో పోలండ్ గోలు కొట్టింది. అప్పటికి జపాన్ పరిస్థితి ప్రమాదంలో పడింది. 74వ నిమిషంలో అక్కడ కొలంబియా గోలు కొట్టింది. దాంతో జపాన్, సెనెగల్ అన్ని లెక్కల్లోనూ సమానమయ్యాయి. కార్డుల లెక్కలో జపాన్ రెండు మెట్లు పైన ఉంది.

జపాన్ శిక్షకుడు నిషినో అప్పుడు ఒక జూదం ఆడాడు. ఓడిపోతున్నా గోలు కోసం వెళ్ళవద్దన్నాడు. వెళితే ఇంకో గోలు తినవచ్చు, ఇంకో కార్డు రావచ్చు. ఆటగాళ్ళు బంతిని తమలో తాము అటూ ఇటూ తన్నుకుంటూ చివరి పది నిమిషాలు గడిపేశారు. పోలండ్ కూడా గెలుపు చేతిలో ఉంది గనుక అడ్డుపడలేదు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్న ప్రేక్షకులు ఈలలు, కేకలతో ఎగతాళి చేశారు. సమారాలో సెనెగల్ ఒక్క గోలు కొట్టి ఉంటే ఈ జూదం తలకిందులయ్యేది. కొట్టలేకపోయింది.

పద్ధతిగా ఆడినవాడికి మేలు చేయాలని పెట్టిన నియమం, చివరికి ఆడకుండా కూర్చున్నవాడికి అక్కరకు వచ్చిందని చాలామంది విమర్శించారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఈ నియమం లేకుంటే 2018లో తరువాతి మార్గం చీటీలు వేయడమే. 1990లో ఐర్లండ్, నెదర్లాండ్స్ జట్ల స్థానాలను అలా చీటీ తీసే నిర్ణయించారు. చీటీ అదృష్టం. కార్డు అలా కాదు, ఎవరో ఒకరు చేసిన పని ఫలితం. సెనెగల్ శిక్షకుడు అలియు సిస్సే కూడా ఆ రోజు నియమాన్ని నిందించలేదు. నియమాలను గౌరవించాలనే అన్నారు. జపాన్ తరువాతి ఆటలోనే బెల్జియంపై రెండు గోల్స్ ముందుండి కూడా 2-3తో ఓడింది.

సెనెగల్‌కు వచ్చిన ఆ ఆరు కార్డుల్లో ఏ రెండు జట్టును ముంచాయో ఎవరూ వేలుపెట్టి చూపలేరు. చూపిన క్షణంలో ఏ కార్డూ పెద్దదిగా కనిపించదు. ఆటగాడు చేతులు ఊపుతాడు, తల అడ్డంగా తిప్పుతాడు, ఆటలో పడిపోతాడు. లెక్క మాత్రం పుస్తకంలో ఉండిపోతుంది.

ఇప్పుడు మన కబడ్డీలోకి కూడా కార్డులు వచ్చాయి. ఆకుపచ్చ అయితే హెచ్చరిక, పసుపు అయితే రెండు నిమిషాలు బయట, ఎరుపు అయితే ఆ ఆటకే దూరం. మన ఊరి కుర్రాళ్ళు రేపు జిల్లా పోటీలకు వెళ్ళినప్పుడు, కూతకు వెళ్ళేముందు సెనెగల్‌ను ఒక్కసారి తలచుకుంటే మంచిది.