లోకాయుక్త పదవి: చేతిలో ఉన్న బలం, లేని అధికారం

లోకాయుక్తకు ఒక అర్జీ పెడితే లంచగొండి అధికారి మరునాడే ఇంటికి పోతాడని మన పేటలలో కొందరు గట్టిగా నమ్ముతారు. అక్కడ ఇచ్చినా ఒకటే, ఇవ్వకున్నా ఒకటే అని చేయి విదిలించేవారు మరికొందరు. ఈ రెండు మాటలూ సరియైనవి కావు. ఖాతా మార్పిడికై నెలల తరబడి తిరుగుతున్న గృహస్థుడు గాని, తన వీధిలో వేయని రోడ్డుకు బిల్లు చెల్లిందని తెలుసుకున్న పౌరుడు గాని ఆ కార్యాలయం మెట్లు ఎక్కే ముందు, ఆ పదవిలో ఉన్నవారు ఏమి చేయగలరో, ఏమి చేయలేరో ఎరిగి ఉండుట మంచిది.

ఈ పదవికి పునాది 1966లో పడినది. మొరార్జీ దేశాయి అధ్యక్షతన ఏర్పడిన పరిపాలనా సంస్కరణల సంఘం, కేంద్రంలో లోక్‌పాల్‌ను, రాష్ట్రాలలో లోకాయుక్తలను నియమించవలెనని ఆ ఏటి మధ్యంతర నివేదికలో సూచించినది. దేశాయి ఉపప్రధాని అయిన తరువాత ఆ సంఘానికి అధ్యక్షులైనవారు మన విధాన సౌధను కట్టించిన కెంగల్ హనుమంతయ్య గారే. మహారాష్ట్ర 1971లోను, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోను తమ తమ చట్టాలు చేసుకున్నవి. కర్ణాటక చట్టం 1984 నాటిది. 1986 జనవరిలో అమలులోకి వచ్చినది.

లోకాయుక్తగా నియమితులయ్యేవారు ఉన్నత న్యాయపదవులలో పనిచేసినవారై ఉండాలి. ముఖ్యమంత్రి సలహాపై గవర్నరు నియమిస్తారు. అయితే ఆ సలహా ఇచ్చే ముందు ముఖ్యమంత్రి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని, ఉభయ సభల అధ్యక్షులను, ఉభయ సభలలోని ప్రతిపక్ష నాయకులను సంప్రదించవలెను. పదవీకాలం అయిదేండ్లు. మధ్యలో తొలగించవలెనంటే ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో తీర్మానించాలి. పదవి ముగిసిన పిమ్మట రాష్ట్ర ప్రభుత్వం క్రింద మరొక కొలువు స్వీకరించరాదు. రేపు ఇవ్వబోయే పదవిని చూపి నేటి తీర్పును మెత్తబరచే మార్గాన్ని చట్టం ఈ విధంగా మూసినది. ముఖ్యమంత్రి, మంత్రులు, శాసనసభ్యులు మొదలు నగరపాలక సంస్థలోని చిన్న ఉద్యోగి వరకు అందరూ ఈ విచారణ పరిధిలోనివారే.

ఇంతటి రక్షణ కలిగిన పదవికి శిక్షించే అధికారం మాత్రం లేదు. విచారణ ముగించి, ఆరోపణ రుజువైనదని తోచినప్పుడు లోకాయుక్త ప్రభుత్వానికి నివేదిక పంపుతారు. ఏ చర్య తీసుకున్నదీ, తీసుకోనున్నదీ ప్రభుత్వం మూడు నెలలలో తెలియజేయవలెను. ఆ సమాధానం తృప్తికరంగా లేకుంటే గవర్నరుకు ప్రత్యేక నివేదిక ఇవ్వవచ్చును. అది శాసనసభ ముందుకు వస్తుంది.  కనుక, ఎవరూ త్రోసిపుచ్చలేనంత పకడ్బందీగా నివేదిక సిద్ధం చేయించడమే అక్కడ కూర్చున్నవారి అసలు పని. పాతిక పుటల ఆవేశం కన్నా, తేదీ, సంతకం, మొత్తం సరిపోయిన ఒక్క బిల్లు అక్కడ ఎక్కువ విలువ చేస్తుంది.

ఈ పనికై కార్యాలయంలో వేర్వేరు విభాగాలున్నవి. న్యాయాధికారులు విచారణలు జరుపుతారు. ఇంజనీర్లతో కూడిన సాంకేతిక విభాగం పనుల నాణ్యతను, లెక్కలను పరిశీలిస్తుంది. ప్రజాధనం వృథా అయిన వ్యవహారాలలో, నా దృష్టిలో, అందరికన్నా ఎక్కువ మేలు చేయగలవారు వీరే. కాని పత్రికలలో కనిపించేది పోలీసు విభాగం. అవినీతి నిరోధక చట్టం క్రింద కేసులు పెట్టి, లంచం పుచ్చుకొనే చోట వలపన్ని పట్టుకొనేది ఈ విభాగమే. ఫిర్యాదుదారు ఇవ్వబోయే నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు, వాటి సంఖ్యలు సాక్షుల సమక్షంలో వ్రాసుకుంటారు. నోట్లను ముట్టుకున్న చేతిని సోడియం కార్బొనేటు నీటిలో ముంచగా నీరు గులాబి రంగుకు మారుతుంది. రంగు మారినంత మాత్రాన నేరం రుజువు కాదు. డబ్బు అడిగిన సంగతి వేరుగా నిరూపించవలెను. ఎన్నో కేసులు కోర్టులో చిక్కుకొనేది ఆ ఘట్టంలోనే. పైగా ప్రభుత్వ ఉద్యోగిపై ఇటువంటి కేసును న్యాయస్థానం స్వీకరించవలెనంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి.

ఈ పోలీసు విభాగం లేనినాడు పదవి ఎట్లుండునో మన రాష్ట్రం ఆరేండ్లకు పైగా చూచినది. 2016 మార్చిలో ప్రభుత్వం అవినీతి నిరోధక దళాన్ని వేరుగా నెలకొల్పి, లోకాయుక్త పోలీసులకున్న అధికారాలను దానికి అప్పగించినది. ఆ దళం ముఖ్యమంత్రి పర్యవేక్షణలోనిది. ఎవరిని కనిపెట్టి ఉండవలెనో వారికే కావలివాడు జవాబుదారీ అయితే ఆ కావలికి అర్థమేమి? 2022 ఆగస్టు 11న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేయగా, అధికారాలు మరల లోకాయుక్తకు చేరినవి.

చట్టం ఒకటే అయినా, పదవిలోని వ్యక్తిని బట్టి కార్యాలయం రూపం మారుతుంది. 2001 నుండి 2006 వరకు లోకాయుక్తగా ఉన్న జస్టిస్ ఎన్. వెంకటాచల ఆసుపత్రులకు, ప్రభుత్వ కార్యాలయాలకు ముందుగా చెప్పకుండా వెళ్ళేవారు. ఆ ఆకస్మిక తనిఖీలతోనే సామాన్యునికి ఈ పదవి పేరు తెలిసినది. ఆయన తరువాత వచ్చిన జస్టిస్ ఎన్. సంతోష్ హెగ్డే కాలంలో అక్రమ గనుల వ్యవహారం బయటపడినది. బళ్ళారి, హొసపేటె, సండూరు ప్రాంతాల తెలుగువారికి ఆ రోజులు వేరుగా చెప్పనక్కరలేదు. ఎర్రధూళి కప్పిన పొలాలు, రాత్రింబగళ్ళు ఆగని లారీలు వారి కన్నుల ముందటివే. 2007లో ప్రభుత్వమే ఈ విచారణను లోకాయుక్తకు అప్పగించినది. అటవీ అధికారి యు.వి. సింగ్ నాయకత్వంలోని బృందం అనుమతి పత్రాలను, రవాణా లెక్కలను, రేవుల ఎగుమతి వివరాలను ఒకదానితో ఒకటి పోల్చి చూచినది. 2011 జులై 27న సమర్పించిన నివేదిక ఖజానాకు వాటిల్లిన నష్టాన్ని 16,000 కోట్ల రూపాయలకు పైగా అంచనా కట్టినది. కొద్ది రోజులలోనే అప్పటి ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. ఆయనపై పెట్టిన కేసులు తరువాత న్యాయస్థానాలలో నిలువలేదన్నది కూడ ఇక్కడ చెప్పుట న్యాయం. నివేదిక వేరు, తీర్పు వేరు.

ఆ నివేదికకు ఒక ఏడాది ముందు, 2010 జూన్‌లో, హెగ్డే గారు రాజీనామా చేశారు. బేలెకేరి రేవులో అక్రమ ఇనుప ఖనిజాన్ని పట్టుకున్న అటవీ అధికారిపై సస్పెన్షన్‌కు పూనుకోవడం, ఎవరూ ఫిర్యాదు చేయకున్నా తనంత తానుగా విచారణ చేపట్టే అధికారం లోకాయుక్తకు లేకపోవడం ఆయన మనస్తాపానికి కారణాలు. పట్టుకున్న ఖనిజంలో లక్షల టన్నులు రేవు నుండే మాయమైనవి. పెద్దల నచ్చజెప్పుడుపై కొద్ది రోజులకే ఆయన రాజీనామాను ఉపసంహరించుకున్నారు. లోకాయుక్తకు సమాచారం ఇచ్చేవారు, సాక్ష్యం నిలిపేవారు ప్రభుత్వంలోని నిజాయితీ గల చిన్న అధికారులే. వారిని కాపాడలేని పెద్దకు రెండవసారి ఎవరూ నిజం చెప్పరు.

కావలి ఇంటికే మచ్చ వచ్చిన సంవత్సరమూ ఉన్నది. 2015లో ఈ కార్యాలయం పేరు చెప్పి అధికారులను బెదిరించి డబ్బు గుంజే ప్రయత్నం జరిగినదన్న ఆరోపణలు లేచినవి. ఆ డిసెంబరులో అప్పటి లోకాయుక్త పదవి వీడారు. తరువాత 2017 జనవరి వరకు, అంటే ఏడాదికి పైగా, ఆ కుర్చీ ఖాళీగానే ఉన్నది. ఇక 2018 మార్చి 7న జస్టిస్ విశ్వనాథ శెట్టిని, ఫిర్యాదుదారుగా లోనికి వచ్చిన వ్యక్తి ఆయన గదిలోనే కత్తితో పొడిచాడు. ఆయన ప్రాణాలు దక్కినవి. అందరికీ తలుపు తెరచి ఉంచవలసిన పదవికి ఆ తలుపు వద్ద సోదా పెట్టుట ఎంత ఇష్టం లేని పనియైనా, తప్పని పని అయినది.

ఇక పౌరుల వంతు. చట్టం రెండు విధాల ఫిర్యాదులను గుర్తిస్తుంది. అధికారుల అలసత్వం వలన, అక్రమం వలన మీకు అన్యాయం గాని, అనుచితమైన కష్టం గాని కలిగినదనేది ఒకటి. ఇది సంగతి మీకు తెలిసిన నాటి నుండి ఆరు నెలలలో చేరవలెను. అధికారి లంచం తీసుకున్నాడు, పదవిని స్వార్థానికి వాడుకున్నాడు అనే ఆరోపణ రెండవది. దీనికి సంఘటన జరిగిన నాటి నుండి అయిదేండ్ల గడువు. నిర్ణీత నమూనాలో ఫిర్యాదు వ్రాసి, దానికి ప్రమాణపత్రం జతపరచాలి. కార్యాలయ వ్యవహారం కన్నడంలో సాగును గనుక, కన్నడం చక్కగా వ్రాయగలవారి సాయం తీసుకొనుట మేలు. అర్జీ నకలు, రసీదులు, పనిజరగని చోటి ఛాయాచిత్రాలు, సమాచార హక్కు క్రింద పొందిన బిల్లుల ప్రతులు ఉంటే జోడించండి. అబద్ధమని తెలిసీ ఫిర్యాదు చేస్తే జైలు శిక్ష ఉన్నది; పొరుగువారి మీది కసి తీర్చుకొనుటకు ఇది చోటు కాదు.

ఎవరైనా లంచం అడిగినప్పుడు, ఇవ్వక మునుపే లోకాయుక్త పోలీసుల వద్దకు వెళ్ళండి. 2018 సవరణ తరువాత లంచం ఇచ్చుట కూడ నేరమే. బలవంతం వలన ఇవ్వవలసి వచ్చినవారు ఏడు రోజులలోపల ఆ సంగతి పోలీసులకు తెలియజేస్తే వారికి మినహాయింపు ఉన్నది. ముందుగానే చెప్పి, పట్టించుటకై డబ్బు ఇచ్చినవారికి ఆ భయం అసలే లేదు. బెంగళూరులో ప్రధాన కార్యాలయం అంబేద్కర్ వీధిలోని బహుళ అంతస్తుల భవనంలో, విధాన సౌధకు సమీపంలోనే ఉన్నది. జిల్లాలలో లోకాయుక్త పోలీసు కార్యాలయాలు ఉన్నవి.