కంటిలో తెర దిగినప్పుడు

1996లో ఒక ఉపాధ్యాయుడు నా వద్దకు వచ్చి, "అయ్యా, కుడికంట మెరుపులు మెరుస్తున్నాయి, మసిచుక్కలు తేలుతున్నాయి, ఒక పక్కనుండి నల్లతెర దిగుతున్నట్లున్నది" అన్నాడు. నొప్పి లేదు, ఎరుపు లేదు. తిమిరమని భావించి త్రిఫలాఘృతమిచ్చి పదిదినాల తరువాత రమ్మన్నాను. ఆయనకు ఎడమకన్ను చిన్ననాటి దెబ్బతోనే పోయినది. పదవదినాన భార్య చేయిపట్టుకొని తీసుకువచ్చింది.

తప్పు నాదే. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలను చెప్పి, శస్త్రసాధ్యాలను వేరుగా విడదీశాడు. గురుకులంలో అది కంఠస్థం చేసినవాడనే.

కంటి వెనుకగోడకు అంటియున్న సున్నితమైన పొర నేత్రపటలము. దానినే రెటీనా అంటున్నాము. వయస్సు చేత కంటిలోని జిగురుద్రవము ముడుచుకొని ఆ పొరను లాగినప్పుడు చిల్లు పడవచ్చును. చిల్లుగుండా నీరు వెనుకకు జారి, తడిసిన గోడకాగితము వలె పొర ఊడివచ్చును. హ్రస్వదృష్టి అధికముగా ఉన్నవారికీ, శుక్లము తీయించుకున్నవారికీ, కంటికి దెబ్బ తగిలినవారికీ ఈ భయము హెచ్చు. ఒకప్పుడిది దాదాపు అసాధ్యరోగము. స్విట్జర్లండు వైద్యుడు జూల్స్ గోనిన్ 1920 దశకంలో ఆ చిల్లును వెదకి, వాతపెట్టి మూసి, చూపు నిలిపాడు. మన అగ్నికర్మ ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఆలస్యమైనచో చిక్కు పెరుగును. పొరపై మచ్చకణజాలము పెరిగి, దానిని ముడతలుగా బిగించివేయును. అప్పుడు వాత ఒక్కటే చాలదు. 1970 దశకారంభంలో రాబర్ట్ మాకెమర్ అమెరికాలో ఆరంభించిన పద్ధతినే నేటికీ మెరుగుపరచి వాడుచున్నారు: తెల్లగుడ్డులో సన్నని రంధ్రాలు చేసి, జిగురుద్రవము తీసివేసి, ముడతలు బిగించిన పొరలను పట్టకారుతో ఒలిచి, రెటీనాను పరచి, చిల్లుచుట్టూ లేజరు వేసి, లోపల వాయువో సిలికాన్ నూనెయో నింపుదురు. వాయువు నింపినవారు అది కరిగేవరకు విమానమెక్కరాదు. వైద్యుడు చెప్పిన రీతిలోనే తల వంచి పడుకొనవలెను. ఇది విసుగుపుట్టించే పని. ఇంటివారు దగ్గరుండి చేయించాలి. నూనెను సాధారణముగా కొన్ని మాసాల తరువాత తీసివేయుదురు. ఇంత చేసినా కొందరికి పొర మరల ఊడును.

మెరుపులు, తెర అన్నవారికి నేనిప్పుడు ఘృతమివ్వను, నేత్రతర్పణము చేయను. ఆ పూటే రెటీనా వైద్యునికి చీటీ వ్రాసి పంపుతాను. చూపుకు కేంద్రమైన భాగము ఊడకముందే చేరినవారి చూపు బాగా దక్కును.

ఆ ఉపాధ్యాయునికి రెండుమార్లు శస్త్రచికిత్స జరిగినది. నడవగలిగే చూపు వచ్చింది, చదివే చూపు రాలేదు. మరల బడికి వెళ్లాడు. పాఠము తాను చెప్పి, నల్లబల్లపై పిల్లలచేత వ్రాయించేవాడు.