డాలు పట్టాలా, రెండు చేతుల కత్తి ఎత్తాలా?

'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో పిల్లలంతా బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ కేకలు పెట్టే ఆట గుర్తుందా? దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించిన ఈ ఆట 1974లో అచ్చయింది. ఒకరు డంజన్ మాస్టర్‌గా కూర్చుని కథ నడుపుతారు, రాక్షసుల తరఫున ఆడతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. యోధుడి పాత్ర, అంటే ఫైటర్, తీసుకున్నవాళ్లకు ఆట మొదలవకముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఒక చేత కత్తి, రెండో చేత డాలా? లేక రెండు చేతులా పట్టి తిప్పే భారీ కత్తా?

చాలామంది బొమ్మలో ఏది బాగుంటే అది తీసుకుంటారు. అలా తీసుకున్నా ఆట ఆగదు. కానీ ఈ ఎంపిక వెనక చక్కని లెక్క ఉంది. దాన్ని ఒక్కసారి అర్థం చేసుకుంటే యుద్ధం జరిగే ప్రతిసారీ ఆట ఇంకా రుచిస్తుంది.

ముందు దెబ్బ ఎలా తగులుతుందో చూద్దాం. దాడి చేసేవారు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెకు తమ నైపుణ్యం కలుపుతారు. ఆ మొత్తం ఎదుటివాడి ఆర్మర్ క్లాస్‌ను, అంటే అతని రక్షణ అంకెను, అందుకుంటే దెబ్బ తగిలినట్టే. అప్పుడు ఆయుధానికి తగిన పాచికలు వేసి గాయం ఎంతో తేలుస్తారు, ఎదుటివాడి హిట్ పాయింట్లలోంచి, అంటే ప్రాణబలం లోంచి, అంత తీసేస్తారు. డాలు మొదటి మెట్టులో పనిచేస్తుంది, భారీ కత్తి రెండో మెట్టులో. అందుకే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం కష్టం.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాలనే తీసుకుందాం. ఒంటిచేత్తో పట్టిన లాంగ్‌సోర్డ్‌కు ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, సగటు 4.5. గ్రేట్‌సోర్డ్‌కు ఆరు ముఖాల పాచికలు రెండు, సగటు 7. బలం 16 ఉన్న ఫైటర్‌కు దేనికైనా మరో 3 కలుస్తుంది కాబట్టి తగిలిన దెబ్బకు 7.5, 10 అనుకోవచ్చు. గోబ్లిన్ అనే చిన్న రాక్షసికి మామూలుగా ఉండేవి 7 హిట్ పాయింట్లు. లాంగ్‌సోర్డ్ తగిలితే అది ఒక్క వేటుకు పడిపోయే అవకాశం నూటికి 62. గ్రేట్‌సోర్డ్ తగిలితే దాదాపు 92. ఓగర్ అనే భారీ రాక్షసికి 59 పాయింట్లు ఉంటాయి. దాన్ని కూల్చడానికి లాంగ్‌సోర్డ్‌తో సుమారు ఎనిమిది దెబ్బలు కావాలి, గ్రేట్‌సోర్డ్‌తో ఆరు చాలు. చచ్చిన ఓగర్ తిరిగి కొట్టదు కనుక ఆ మిగిలిన రెండు వంతులూ ఒకరకంగా రక్షణే.

అయితే డాలు పట్టినవాళ్లకు డ్యూయలింగ్ అనే పోరాట శైలి ఉంది. అది ఒంటిచేతి ఆయుధపు దెబ్బకు 2 కలుపుతుంది. భారీ ఆయుధాల శైలిలో పాచిక మీద 1 గానీ 2 గానీ పడితే మళ్లీ వేసుకోవచ్చు. ఇద్దరూ తమతమ శైలి నేర్చుకున్నాక సగటులు 9.5, 11.3 అవుతాయి. మూడో వంతు ఉన్న తేడా ఐదో వంతుకు దిగిపోతుంది. ఇక్కడే డాలు వైపు నా మొగ్గు మొదలవుతుంది.

డాలు ఆర్మర్ క్లాస్‌కు ఎప్పుడూ 2 కలుపుతుంది. ఇరవైలో రెండు ముఖాలు, అంటే నూటికి పది. చాలామంది అక్కడే లెక్క ఆపేసి 'ఇంతేనా' అనుకుంటారు. గోబ్లిన్ తన దాడికి 4 కలుపుకుంటుంది. తోలు కవచం తొడిగి ఆర్మర్ క్లాస్ 13తో నిలబడ్డవాడికి దాని దాడులు నూటికి అరవై తగులుతాయి. డాలు పడితే యాభై. తగిలే దెబ్బల్లో ఆరో వంతు తగ్గింది. అదే ఫైటర్ ప్లేట్ కవచంతో 18కి చేరితే తగిలేవి 35, డాలుతో 25. ఇప్పుడు తగ్గింది నాలుగో వంతు కన్నా ఎక్కువ. ఇంకా మంచి కవచం, రక్షణ శైలి సంపాదించి 20కి చేరినవాడికి 25 కాస్తా 15 అవుతాయి. అయిదు దెబ్బలు తినాల్సినచోట మూడే తింటాడు. డాలు ప్రతిసారీ తీసేసేది రెండు ముఖాలనే, కానీ తగిలే ముఖాలు తక్కువైనకొద్దీ ఆ రెంటి విలువ పెరుగుతుంది. ఒంటి మీద కవచం ఎంత గట్టిదైతే చేతిలోని డాలు అంత పనికొస్తుందన్నమాట.

యూరప్ చరిత్ర దీనికి సరిగ్గా ఎదురుగా నడిచింది. 1066లో హేస్టింగ్స్ యుద్ధాన్ని చూపే బేయూ వస్త్రం మీద గొలుసు కవచాలు, పొడవాటి డాళ్లు వరుసగా కనిపిస్తాయి, రెండు చేతుల గొడ్డళ్లు ఎత్తిన ఇంగ్లీషు యోధులూ అక్కడే ఉంటారు. 14, 15 శతాబ్దాల్లో ఉక్కు రేకుల కవచం ఒళ్లంతా కప్పేసరికి నైట్లు క్రమంగా డాలు వదిలేశారు. కత్తి వేటును కవచమే ఆపుతుంటే డాలు అవసరం తగ్గింది. ఎదుటివాడూ అదే కవచంలో ఉన్నాడు కాబట్టి దాన్ని నలగ్గొట్టడానికి పోలాక్స్ అనే రెండు చేతుల పొడవాటి గొడ్డలి కావలసి వచ్చింది. ఐదో ఎడిషన్‌లో భారీ ఆయుధానికి ఉక్కు కవచం మీద ప్రత్యేక బలం ఏదీ లేదు. అందుకే ఆటలోని వీరుడు నిజం నైట్ వదిలేసిన డాలునే గట్టిగా పట్టుకుంటాడు. (గ్రేట్‌సోర్డ్ బరువు మాత్రం ఆటలో నిజానికి దగ్గరగానే ఉంది. ఆరు పౌండ్లు, అంటే 2.7 కిలోలు. సినిమాల్లో చూపే బండరాయి లాంటి కత్తితో ఎవరూ యుద్ధం చేయలేదు.)

రెండు చేతుల కత్తి కూడా ఈ ఆటలో చాలా ఒడిదొడుకులు చూసింది. 1974 నాటి మూల నియమాల్లో ఏ ఆయుధమైనా ఆరు ముఖాల పాచిక ఒకటే. బాకుకూ అంతే, భారీ కత్తికీ అంతే. డాలు వదులుకుని పెద్ద కత్తి ఎత్తేవాడికి దక్కేది దాదాపు ఏమీ లేదు. 1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధం ఆయుధాలకు వేర్వేరు పాచికలు ఇచ్చి ఆ లోటు తీర్చింది. తర్వాత తక్కెడ అవతలికి ఒరిగింది. 2000లో మూడో ఎడిషన్ రెండు చేతుల ఆయుధానికి బలాన్ని ఒకటిన్నర రెట్లు కలిపింది. 2003 సవరణలో పవర్ అటాక్ అనే నేర్పు లాభం దానికి రెట్టింపైంది. ఐదో ఎడిషన్‌లోని గ్రేట్ వెపన్ మాస్టర్ నేర్పుతో దాడి పాచికలో 5 తగ్గించుకుని గాయానికి 10 కలుపుకోవచ్చు. అది చేతిలో ఉన్నవారి ముందు పైన వేసిన నా సగటులు నిలవవు. 2024 సవరణ ఆ బేరాన్ని తీసేసింది. మంచి పనే చేసింది.

లెక్కలకు అందనిది ఇంకొకటి ఉంది. రాక్షసులను ఆడించేది తెలివైన మనిషి. ఆర్మర్ క్లాస్ 22తో కొండలా నిలబడ్డ ఫైటర్‌ను పదేపదే కొట్టి విసుగెత్తిన ఓగర్, అతణ్ని వదిలేసి వెనకున్న మంత్రగాడి మీదికి పోతుంది. ఎవరూ కొట్టని యోధుడి డాలు ఎవరికీ ఉపయోగపడదు. 2008 నాటి నాలుగో ఎడిషన్ దీన్ని నేరుగా ఎదుర్కొంది. ఫైటర్ దాడి చేసిన శత్రువు మీద ఒక గుర్తు పడుతుంది. ఆ శత్రువు ఫైటర్‌ను వదిలి ఇంకొకరిని కొట్టబోతే దాని దాడిలో 2 తగ్గుతుంది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఆ పనికి ప్రొటెక్షన్ శైలి ఉంది గానీ, అది రౌండుకు ఒక్క దాడినే అడ్డుకుంటుంది, కాపాడాల్సినవారు పక్కనే ఉండాలి. అందుకే డాలు పట్టినవాళ్లు స్థలం చూసుకుని నిలబడాలి. గుమ్మంలో, ఇరుకు దారిలో, వంతెన మీద డాలు గోడవుతుంది. మైదానంలో శత్రువు చుట్టూ తిరిగి పోతాడు.

డాలును నాకు అన్నింటికన్నా నచ్చేలా మలిచింది ఇలాంటిదే మరో ఆట, 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్. అందులో వంతుకు మూడు పనులు చేయవచ్చు. డాలు ఎత్తడం అందులో ఒక పని. ఎత్తితేనే ఆ రౌండుకు ఆర్మర్ క్లాస్ పెరుగుతుంది. దెబ్బ తగిలినా, షీల్డ్ బ్లాక్ నేర్చినవాళ్లు దాన్ని డాలు మీద తీసుకోవచ్చు. గాయంలో కొంత డాలు ఆపేస్తుంది, ఆపలేనిది ఫైటర్‌కూ డాలుకూ తగులుతుంది, చివరికి డాలు విరిగిపోనూవచ్చు. ఇంకో వేటు వేయాలా, డాలు ఎత్తాలా అని ప్రతి వంతులోనూ ఆలోచించాలి. పాత్ర కాగితం మీద ఒకసారి రాసి మరిచిపోయే అంకె కన్నా ఇది ఎంతో మేలు.

చేతులు రెండేనన్న సంగతీ మరవద్దు. కత్తీ డాలూ పట్టినవాడికి కాగడా పట్టే చేయి లేదు. విల్లు తీయాలంటే ముందు డాలు విప్పాలి, ఐదో ఎడిషన్‌లో అందుకు ఒక యాక్షన్ ఖర్చవుతుంది. గ్రేట్‌సోర్డ్‌కు కొట్టే క్షణంలోనే రెండో చేయి కావాలి.

ఇక నా తీర్పు. గట్టి కవచం తొడిగి, బృందంలో ముందు నిలబడేది మీరొక్కరే అయితే డాలుకు మించింది లేదు. ముందు వరుసలో ఇంకో యోధుడు ఉంటే ఒకరు డాలు, ఒకరు గ్రేట్‌సోర్డ్ పట్టండి. శత్రువు డాలును వదిలి రెండోవారి మీదికి తిరిగినా, ఆ కత్తి దెబ్బలు తినడం మాత్రం తప్పదు. కాబట్టి పాత్రను ఒంటరిగా ఇంట్లో తయారు చేసుకుని రాకండి. తొలి రోజు బల్ల దగ్గర కూర్చున్నాక, ముందు ఎవరెవరు నిలబడుతున్నారో అడిగి, అప్పుడు ఆయుధం ఎంచుకోండి.