ముడి వేయకుండా ఊలు దారాలు ఎలా అతుక్కుంటాయి?

స్వెట్టర్ సగం అల్లేసరికి ఊలు ఉండ అయిపోయింది. కొత్త ఉండ అందుకోవాలి. ముడి వేస్తే సరిపోదా అంటావా? ముడి బొడిపె కట్టి ఒంటికి గుచ్చుకుంటుంది. ఒక్కోసారి విడిపోయి, అల్లికకు చిల్లు పడుతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు చాలామంది ముడి జోలికి పోరు.

వాళ్లేం చేస్తారో చూడు. రెండు కొసలనూ రెండేసి అంగుళాలు పురి విప్పుతారు. నాలుగు పేటల దారమైతే ఒక్కో కొసలో రెండు పేటలు కత్తిరిస్తారు, లేకపోతే అతుకు లావెక్కుతుంది. కొసలను ఒకదానిమీద ఒకటి పరిచి, తడిపి, అరచేతుల మధ్య గబగబా రుద్దుతారు. చేతులు వేడెక్కేసరికి రెండు దారాలూ ఒకటైపోతాయి. మెల్లగా లాగినా ఊడవు!

జిగురు లేదే, మరెలా? ఊలంటే గొర్రె వెంట్రుకలు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కో వెంట్రుక నిండా, ఇంటికప్పు మీద పెంకుల్లా, ఒకదానిపై ఒకటి ఎక్కిన పొలుసులు కనిపిస్తాయి. తడీ వేడీ తగిలితే వాటి అంచులు కాస్త లేస్తాయి. రుద్దుతుంటే వెంట్రుకలు ఒకవైపు జారతాయి గానీ వెనక్కి రాలేవు, పొలుసులు అడ్డుపడతాయి. అలా చిక్కుబడిపోతాయి. ఊలు స్వెట్టర్‌ను వేడినీళ్లలో వేసి రుద్దితే కుంచించుకుపోయేదీ ఇందుకే.

నూలుకూ అక్రిలిక్‌కూ ఈ పొలుసులు లేవు. నరసాపురం లేసు అల్లేది నూలు దారంతో కాబట్టి అక్కడ ఈ కిటుకు పారదు. అలాంటి దారాలకు ఇంకో దారుంది. రెండు కొసలనూ కొక్కేల్లా తగిలించి, ఒక్కోదాన్నీ సూదితో దాని దారంలోకే దూర్చి వెనక్కి లాగాలి.